నీళ్ల లెక్క సరే, ఇసుక లెక్క ఎవరు రాస్తున్నారు? సస్కాచువాన్ జలవనరుల మంత్రికి బహిరంగ లేఖ

కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్ర ప్రభుత్వంలో, జలవనరులు చూసే వాటర్ సెక్యూరిటీ ఏజెన్సీ బాధ్యతలు చూస్తున్న మంత్రి గారికి,

నమస్కారం. ఇవే సంగతులు ఇంగ్లీషులో రాసి మీ ఆఫీసుకు విడిగా పంపాను. మళ్లీ తెలుగులో ఎందుకంటే, ఇక్కడి పెద్ద ఊళ్లు సస్కటూన్‌లోనూ రెజైనాలోనూ మా తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. కుళాయి తిప్పితే వచ్చే నీళ్లు ఏ ఏటివో, ఆ ఏటికి ఏమవుతోందో వాళ్లూ తెలుసుకోవాలని.

ముందే ఒక మాట చెప్తాను. నేను గోదావరి కాలువ కింద పుట్టినవాణ్ని. ఆనకట్టలు వద్దని నేనంటే మా ఊళ్లో నవ్వుతారు. డీఫెన్‌బేకర్ సరస్సు కింద 5 లక్షల ఎకరాలు తడుపుతామని, 400 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని మీ ప్రభుత్వం 2020లో ప్రకటిస్తే సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ని. నా పేచీ నీళ్ల దగ్గర కాదు, ఇసుక దగ్గర.

మా అమ్మమ్మగారిది లంక గ్రామం. వరద తీశాక అక్కడ మొదట అడిగే ప్రశ్న, "ఈ ఏడు ఏరు ఎటు తిరిగింది?" అని. ఒక ఒడ్డున కోత పడితే ఇంకో ఒడ్డున మేట వేస్తుంది. మా తాతయ్య కొబ్బరిచెట్లు పదకొండు ఒకే వర్షాకాలంలో ఏట్లో కలిశాయి. మూడేళ్లకు అవతలి ఒడ్డున కొత్తగా పడిన మేట మీద ఎవరో దోసపాదులు పెట్టారు. తాతయ్య ఏటిని తిట్టుకున్నాడు గానీ, అది అలా తిరక్కూడదని మాత్రం ఎప్పుడూ అనలేదు.

అందుకే దక్షిణ సస్కాచువాన్ నదిని తొలిసారి చూసినప్పుడు నాకు కొత్తనిపించలేదు. వెడల్పు ఎక్కువ, లోతు తక్కువ, మధ్యలో ఇసుక తిన్నెలు, వాటిని చుట్టుకుని విడిపోయి మళ్లీ కలిసే పాయలు. మైదానంలో పారే ఏటికి గట్లు వదులుగా ఉంటాయి, మోసుకొచ్చే ఇసుక ఎక్కువ. మోయలేనంత బరువైనప్పుడు దించేస్తుంది, దించిన కుప్పే అడ్డమైతే పక్కకు తిరుగుతుంది. ఇక్కడి ఆదివాసులైన క్రీ ప్రజల భాషలో ఈ నది పేరుకు అర్థం 'వడిగా పారేది' అని. ఆవిరి పడవలు నడిపినవాళ్లకు నిరుడు చూసిన దారి ఈ ఏడు ఉండేది కాదు. 1908 జూన్‌లో, పోటు మీదున్న ఏట్లో 'సిటీ ఆఫ్ మెడిసిన్ హ్యాట్' అనే పడవ సస్కటూన్ వంతెనను గుద్దుకుని పాడైపోయింది. సముద్రం చాయలకు కూడా రాని ఈ ఊళ్లో దాన్ని 'అతిపెద్ద సముద్ర ప్రమాదం' అని ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటారు. ఇసుక ఏరు ఎలా నడుస్తుందో విద్యార్థులకు చెప్పడానికి ప్రపంచమంతటా భూగర్భశాస్త్రం పాఠాల్లో చూపే నమూనాల్లో మన ఏరు ఒకటి. 1970లలో ఇద్దరు శాస్త్రవేత్తలు ఇక్కడి తిన్నెల మీద చేసిన పరిశోధనతో దానికి ఆ పేరు వచ్చింది.

ఆ పరిశోధన జరిగేనాటికే ఈ ఏటి మీద, సస్కటూన్‌కు ఎగువన, గార్డినర్ డ్యాం వచ్చింది. 1967లో పూర్తయింది. ఎత్తు 64 మీటర్లు, దాని వెనక నిలిచిన డీఫెన్‌బేకర్ సరస్సు పొడవు 225 కిలోమీటర్లు. రాకీ కొండల మంచు కరిగి, పక్క రాష్ట్రం ఆల్బెర్టా మైదానం దాటి వచ్చే ఇసుకా ఒండ్రూ ఆ సరస్సులోనే అడుగున కూర్చుంటాయి. కిందికి వదిలేది తేట నీరు. చూడ్డానికి బాగుంటుంది. కానీ తేట నీటికి ఆకలెక్కువ. పైనుంచి ఇసుక రాదు కాబట్టి సొంత అడుగునే తవ్వుకుంటుంది. ఇంకోపక్క కాలం తారుమారైంది. జూన్‌లో పొంగాల్సిన ఏరు సరస్సులో ఆగి, చలికాలంలో కరెంటు కోసం వదిలినప్పుడు పారుతోంది. మా గోదావరిలో ఎర్రనీళ్లు జులైలో కాకుండా సంక్రాంతికి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

మొన్న శరదృతువులో సస్కటూన్‌కు ఎగువన ఏటి ఒడ్డున ఓ గంట కూర్చున్నాను. తిన్నెల మీదికి దిగొద్దని ఫైర్ డిపార్ట్‌మెంట్ హెచ్చరిక ఉంది, దిగలేదు. ఒడ్డుకు అతుక్కున్న ఇసుకలో విల్లో మొక్క ఒకటి చేతికందింది. కాండం నా బొటనవేలంత లావు. లాగితే రాలేదు. మొక్క మొదలు దగ్గర చేతివేళ్లతో తవ్వి చూస్తే వేరు మోచేతి లోతు దాకా వెళ్లింది, దాని చుట్టూ ఇసుక గట్టిగా పట్టుకుపోయింది. పెద్ద వరద వచ్చే ఏటి ఇసుకలో ఏ మొక్కకీ అంత కాలం దొరకదు. ఇలాంటివి వంద నిలిస్తే తిన్నె కదలడం మానేస్తుంది, పాయ పూడుతుంది, ఏరు సన్నబడుతుంది.

ఇది సస్కటూన్‌తో అయిపోయే సంగతైతే ఇంత రాసేవాణ్ని కాదు. ఉత్తర సస్కాచువాన్ నదితో కలిసి, 1963 నాటి ఇ. బి. క్యాంప్‌బెల్ డ్యాం కూడా దాటాక, ఇదే నీరు సుమారు 10,000 చదరపు కిలోమీటర్ల డెల్టాలోకి పోతుంది. అక్కడి కంబర్‌ల్యాండ్ హౌస్ 1774లో పుట్టిన ఊరు. 1870లలో నది అక్కడ గట్టు తెంచుకుని పాత దారి వదిలేసింది, చిత్తడి నేలల్లో కొత్త పాయలు తీసుకుంది. ఇప్పటికీ పాతదాన్ని 'ఓల్డ్ చానల్' అంటారు. అంటే ఆ డెల్టా ఏరు కదలడం వల్లే బతికింది. ఇప్పుడు ఒండ్రు రాదు, వేసవి పోటు రాదు. పాయలు లోతుపడి, నీరు గట్టు దాటి చెరువుల్లోకి ఎక్కడం తగ్గింది. వేట, చేపల మీద బతికే ఆదివాసీ క్రీ, మేతీ కుటుంబాలకు అది నేరుగా తిండి సమస్య. 2021లో కంబర్‌ల్యాండ్ హౌస్ క్రీ నేషన్ డెల్టా మీద తమ సార్వభౌమత్వాన్ని ప్రకటించుకునేదాకా వచ్చిందంటే ఊరికే రాలేదు.

మా డెల్టా కథ కూడా తెలుసు కాబట్టి నాకు ఈ టెన్షన్. గోదావరి మొగల దగ్గర తీరం కోతకు గురవుతోందని, పైన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోవడం అందుకో కారణమని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు ఎప్పుడో చెప్పారు. అప్పటికే చాలా డ్యాములు కట్టేశారు. ఇక్కడ కొత్త కాలువల పని ఇంకా మిగిలే ఉంది.

1969 ఒప్పందం ప్రకారం ఆల్బెర్టా తన దగ్గరి సహజ ప్రవాహంలో సగం మనకు వదలాలి. పంచుకున్నది నీటిని. ఇసుకను ఎవరూ పంచుకోలేదు, అది సరస్సు అడుగున ఉండిపోయింది. అందుకని అడుగుతున్నాను. కాలువల తర్వాతి దశకు సంతకం పెట్టేముందు, గార్డినర్ డ్యాం నుంచి సస్కటూన్ దాకా, తర్వాత డెల్టాలోనూ ఏటి అడుగు ఇప్పుడెక్కడుందో కొలిపించండి. పాత కొలతల పక్కన పెట్టి అందరికీ చూపించండి. మంచు బాగా పడిన ఏడాదుల్లో, ఎంత వదలొచ్చో లెక్కగట్టి, జూన్‌లో కొన్ని రోజులైనా ఏటిని పొంగనివ్వండి. ఆ లెక్క వేసేటప్పుడు డెల్టావాళ్లు బల్ల దగ్గర ఉండాలి. కబురు తర్వాత పంపితే సరిపోదు.

ఇందులో ఇబ్బందులు నాకూ తెలుసు. 2013 లాంటి వరదను ఆపాలంటే సరస్సులో చోటుండాలి. మైనస్ 35 రాత్రి మా ఇంట్లో హీటర్ ఫ్యాన్ తిరగాలంటే చలికాలపు కరెంటూ కావాలి. అన్నీ ఒకేసారి కుదరవు. ఏది ఎంత వదులుకుంటున్నామో మాకు చూపించి వదులుకోమంటున్నాను, అంతే.

సర్వే ఏ నెలలో మొదలవుతుందో జవాబులో రాయండి. విల్లో మొక్క ఉన్న చోటు చూపించమంటే నేనే తీసుకెళ్తాను. ఊరి నుంచి అరగంట దారి, బూట్లు మాత్రం పాతవి వేసుకుని రండి.

ఇట్లు,
ఒక లంక మనవడు,
సస్కటూన్