పాటల పోటీ ఖర్చుకు ఓటు అడిగారు

సంపాదకులకు నమస్కారం.

2019 ఆగస్టులో మన సింధు ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్ అయిన హాలు గుర్తుందా? స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం, సెయింట్ జాకబ్స్‌హాలే. ఆ రోజు గొంతు బొంగురుపోయేలా అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. 2025లో అదే హాలును, ఏటా యూరప్ దేశాలు తలపడే యూరోవిజన్ పాటల పోటీకి ముస్తాబు చేశారు. మే 13, 15 తేదీల్లో సెమీఫైనల్స్, 17న ఫైనల్. 37 దేశాలు పాల్గొన్నాయి.

గెలిచిన దేశమే మరుసటి ఏడాది పోటీ జరపడం ఆనవాయితీ. 2024లో స్వీడన్‌లో జరిగిన పోటీలో స్విట్జర్లాండ్ తరఫున పాడిన నెమో గెలవడంతో ఆ వంతు ఈ దేశానికి వచ్చింది. 1956లో మొట్టమొదటి పోటీ జరిగిందీ ఈ దేశంలోనే. దీనికి ముందు చివరిసారి 1989లో. ఇన్నేళ్లకు దక్కిన అవకాశం కదా, ఊరు ఊరంతా హడావుడిగా మారింది. అయితే నాకు ఆ హడావుడి కన్నా 2024 నవంబరులో జరిగిన ఓటింగే ఎక్కువ గుర్తుండిపోయింది.

ఏర్పాట్ల కోసం బాసెల్ శాసనసభ 3.75 కోట్ల ఫ్రాంకులు మంజూరు చేసింది. అప్పటి లెక్కన మన డబ్బులో దాదాపు 380 కోట్ల రూపాయలు. ఒక చిన్న పార్టీ దీన్ని వ్యతిరేకిస్తూ సంతకాలు సేకరించింది. తగినన్ని సంతకాలు వస్తే ఇక్కడ ఆ ఖర్చు ప్రజల ముందుకు వెళ్లాల్సిందే. ప్రజలు వద్దంటే టీవీ కార్యక్రమం ఒక్కటే జరుగుతుందని, ఊళ్లో సంబరాలు ఉండవని ముందే చెప్పేశారు.

నాకిక్కడ ఓటు లేదు. మా పక్కింటి పెద్దావిడకు ఉంది. పోస్టులో వచ్చిన చిన్న పుస్తకాన్ని ఆవిడ వంటింటి బల్ల మీద పెట్టుకుని, అంకెల కింద పెన్సిల్‌తో గీతలు గీస్తూ చదవడం చూశాను. ప్రభుత్వం వాదనతో పాటు వ్యతిరేకించేవాళ్ల వాదన కూడా అందులోనే అచ్చువేశారు. ఆవిడ వద్దనే ఓటేశారు. నవంబరు 24న మూడింట రెండు వంతుల మంది సరేనన్నారు. తీరా పోటీ రోజుల్లో ట్రాముల దారి మార్పుల కాగితం వస్తే ఆవిడే ఫ్రిజ్ మీద అంటించుకుని, నా ఆఫీసుకు వెళ్లే ట్రామ్ ఎటు తిరిగి వెళుతుందో నాకు వివరంగా చెప్పారు.

అదే నెలలో, 2025 మేలో, మన హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు జరిగాయి. ప్రపంచం మన ఊరికి రావడం నాకు సంతోషమే. చార్మినార్ అందం అందరూ చూడాలి. కానీ అక్కడ పన్ను కట్టే మా అన్నయ్యకు ఎంత ఖర్చవుతుంది, ఎవరు ఎంత పెడతారు అన్నది ముందే ఇంటికి చేరలేదు. పత్రికల్లో వాదోపవాదాల మధ్య ఏరుకోవాల్సి వచ్చింది.

మన దగ్గర ప్రతి ఖర్చుకూ ఓటింగ్ పెట్టడం కుదరదని నాకూ తెలుసు. కనీసం ఇంత పెద్ద కార్యక్రమానికి ఒప్పందం మీద సంతకం పెట్టకముందే అంచనా ఖర్చు, ప్రభుత్వ వాటా, రావాల్సిన ఆదాయం తెలుగులో రాసి అందరికీ అందుబాటులో పెట్టాలి. వద్దనేవాళ్ల కారణాలకూ అందులో చోటివ్వాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ ఈ సంగతి అడగాలని మీ పత్రికను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, బాసెల్