ఆడిషన్‌కి అరంగేట్రం అని రాయకండి

ఎడిటర్ గారికి నమస్కారం. ఈమధ్య పేపర్లలో సినిమా ఆడిషన్‌కి వెళ్ళిన పిల్లల గురించి రాస్తూ అరంగేట్రం అని వేసేస్తున్నారండి, చదివితే బాధేస్తోంది. అరంగేట్రం అంటే నేర్చుకున్నాక మొదటిసారి జనం ముందు ఆడటం, ఆడిషన్ అంటే అసలు తీసుకుంటారో లేదో తేలని దశ, రెండూ ఒకటెలా అవుతాయి? ఆడిషన్‌ని రిహార్సల్ అనడం కూడా అంతే తప్పు, అది వేషం ఖాయమయ్యాక చేసేది.

మనకి మాటల్లేక కాదు కదా. ఆకాశవాణి వాళ్ళది స్వరపరీక్ష, పాసైతే బి, బి హై, ఎ అని గ్రేడ్లు ఇస్తారు. సినిమావాళ్ళది స్క్రీన్ టెస్ట్, మేకప్ టెస్ట్. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో టీమ్ మొత్తాన్ని చూసి ఎంపిక చేస్తే అది స్క్రూటినీ.

మా ఊళ్ళో పద్యనాటకానికైతే గొంతు చూడటం అనేవాళ్ళు. హార్మోనియం మాస్టారు నాలుగు శ్రుతి పట్టి ఏదీ ఒక పద్యం అందుకో నాయనా అనేవారు, రాగం తీస్తూ చివర్లో ఊపిరి అందక పద్యం మింగేస్తే ఆయన చెయ్యి హార్మోనియానికి గాలి కొట్టే బెల్లోస్ మీదే ఆగిపోయేది, అంతే, ఇంక మనకి ద్వారపాలకుడి వేషమే. గొంతు చూశారు అనే ఆ మాట ఎంత బాగుందో చూడండి.

ఆడిషన్ అనే రాసినా పర్లేదండి, అందరికీ తెలిసిన మాటే. అరంగేట్రం మాత్రం ఆ పిల్లలు నిజంగా స్టేజీ ఎక్కే రోజుకి ఉంచండి ప్లీజ్.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, తెనాలి