పాట తీసినవారి పేరు కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

విశాఖ యువత సొంతంగా రాసి, పాడి, చిత్రీకరించి విడుదల చేస్తున్న ర్యాప్ పాటల గురించి ఈమధ్య జిల్లా పేజీల్లో అప్పుడప్పుడూ వార్తలు వస్తుండటం సంతోషం. అయితే ఆ వార్తల్లో గాయకుడి ఫొటో ఉంటుంది, సంగీతం సమకూర్చినవారి పేరు ఉంటుంది, పాటను ఆవిష్కరించిన అతిథి పేరూ ఉంటుంది గానీ, దానికి దృశ్యరూపం ఇచ్చిన దర్శకుడి పేరు మాత్రం చాలాసార్లు కనిపించదు. నా విన్నపం ఆ ఒక్క పేరు గురించే.

ఈ లోపం మనకు మాత్రమే పరిమితం కాదు. 1981లో ప్రసారాలు మొదలుపెట్టిన అమెరికా సంగీత ఛానల్ ఎంటీవీ సైతం దర్శకుల పేర్లను తెరపై వేయడానికి 1992 దాకా ఆగింది. ఆ మరుసటి ఏడాదే న్యూయార్క్‌లోని క్వీన్స్‌కు చెందిన పాటల వీడియోల దర్శకుడు హైప్ విలియమ్స్ బిగ్ డాగ్ ఫిల్మ్స్ అనే సొంత సంస్థను స్థాపించారు. గోడల మీద గ్రాఫిటీ వేసే రోజుల్లో పెట్టుకున్న పేరే ఆయనకు వృత్తిలోనూ నిలిచిపోయింది. 1997లో ర్యాప్ గాయకులు మిస్సీ ఎలియట్‌కు, బస్టా రైమ్స్‌కు ఆయన తీసిన వీడియోలు చూస్తే దర్శకుడి చేయి ఎక్కడుందో ఎవరూ చెప్పనక్కర లేదు. ఫిష్ ఐ లెన్సు ముందు గాయకులను నిలబెడితే, ముందుకు చాచిన చెయ్యి చేటంత అవుతుంది, వెనకున్న గోడలు అంచుల్లో విల్లులా వంగిపోతాయి. దానికి తోడు కళ్లు చెదిరే రంగులు, నల్లటి గాలిసంచిలా ఉబ్బిన మిస్సీ ఎలియట్ దుస్తులు. పేరు చూడకుండానే ఇది ఫలానావారు తీసినదని గుర్తుపట్టే స్థితికి ప్రేక్షకులు వచ్చారంటే, అది ఆయన సంపాదించుకున్న ముద్ర.

1998లో ఆయన ‘బెల్లీ’ అనే సినిమా కూడా తీశారు. అయినా పాటలను వదల్లేదు. మరుసటి ఏడాది టీఎల్‌సీ బృందానికి తీసిన వీడియో ఎంటీవీ పురస్కారం అందుకుంది, 2006లో ఎంటీవీ వారి వీడియో వాన్‌గార్డ్ గౌరవం ఆయనకే దక్కింది. ర్యాప్ గాయకుడు ఐస్ క్యూబ్ పాటల వీడియోలతో పేరు తెచ్చుకున్న ఎఫ్. గ్యారీ గ్రే 1995లో సినిమాల్లోకి వెళ్లి అక్కడ స్థిరపడ్డారు. అదీ మంచి దారే. కానీ పాటల వీడియో సినిమాకు మెట్టు మాత్రమేనని మన పిల్లలకు నూరిపోయడం నాకు నచ్చదు. అందుకే విలియమ్స్ ప్రస్థానం నాకు మరింత గొప్పగా కనిపిస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న టొరంటో దర్శకుడు డైరెక్టర్ ఎక్స్ కూడా ఈ రంగంలోనే తనదైన స్థానం సంపాదించారు. మన దేశంలో చూస్తే, 2024లో ర్యాప్ గాయకుడు హనుమాన్‌కైండ్ పాట ప్రపంచమంతా మోగినప్పుడు, ఎగ్జిబిషన్లలో మనం చూసే చెక్కబావిలో మోటారు సైకిళ్లు, కార్లు గిర్రున తిరుగుతుండగా దాన్ని తీసిన బిజోయ్ శెట్టి పేరు కూడా జనం నోట వినిపించింది.

విశాఖలో ఈ పని చేసేవారి కష్టం దగ్గర నుంచి చూశాను. మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి మంచి వెలుతురు తెల్లవారుజామునే దొరుకుతుంది. సాయంత్రం సూర్యుడు ఊరి వెనక్కి దిగిపోతాడు. అందుకని చీకటితోనే జాలారిపేట ఒడ్డుకు చేరి, పడవలు లాగేవారికి అడ్డం రాకుండా కెమెరా పెట్టుకోవాలి. నెమ్మదిగా సాగే దృశ్యంలోనూ పెదవులు పాటతో కలవాలంటే, కెమెరాను సెకనుకు 48 ఫ్రేముల్లో నడుపుతూ స్పీకర్లో పాటను రెట్టింపు వేగంతో వినిపించాలి. గాయకుడు ఆ వేగంతోనే పాడతాడు. దాన్ని 24 ఫ్రేముల్లో ఆడిస్తే పెదవులు అసలు పాటకు సరిపోతాయి, అలలూ జుట్టూ వస్త్రాలూ మాత్రం తేలుతున్నట్టు కదులుతాయి. ర్యాప్‌లో మాటలు అసలే వేగం, అదీ రెట్టింపైతే పాడే కుర్రవాడి నాలుక తడబడుతుంది. మళ్లీ మొదటి నుంచి తీయాలి, ఈలోగా ఎండ ఎక్కేస్తుంది. వేళ మించకుండా, కుర్రవాడికి ధైర్యం చెబుతూ పని నడిపించేది దర్శకుడే.

సినిమా పాటకైతే నృత్య దర్శకుడి పేరు టైటిల్స్‌లో పడుతుంది, ఆ విభాగానికి జాతీయ పురస్కారమూ ఉంది. ‘ఆర్‌ఆర్‌ఆర్’కు ప్రేమ్ రక్షిత్ దాన్ని అందుకున్నారు. విడి పాటలు తీసేవారికి ఆ ఆసరా లేదు. చాలావరకు ముందుగా మాట్లాడుకున్న సొమ్ముతో సరి. పాటను లక్షలమంది చూసినా అందులో వారికి వాటా ఉండదు. వారిని వెతుక్కుంటూ తర్వాతి పని రావాలంటే పేరు తెలియాలి కదా! పత్రికలో అచ్చయిన పేరు ఇంట్లోవారికి చూపించుకోవడానికీ, రేపు మరో నిర్మాతను కలవడానికీ పనికొస్తుంది.

కనుక ఇకమీదట ఇలాంటి పాటల వార్తల్లో గాయకుడి పేరు పక్కనే దర్శకుడి పేరునూ, వీలైతే కెమెరా, ఎడిటింగ్ చేసినవారి పేర్లనూ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. పంపిన ప్రకటనలో ఆ పేర్లు లేకపోతే, విలేఖరులు ఒక్క ఫోను చేసి కనుక్కునేలా సూచనలివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెదవాల్తేరు, విశాఖపట్నం