టర్న్‌టేబుల్ ఎంపికలో నేల సంగతీ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో గ్రామఫోన్ రికార్డులు తిప్పే ఖరీదైన టర్న్‌టేబుళ్ల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. ధరలు చూసి మా ఆవిడ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ సున్నాలు లెక్కపెట్టింది. నా పేచీ ధరలతో కాదు. బెల్టుతో తిరిగేదే అసలైన సంగీతానికి, మోటారే నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ డీజేలకు అని వ్యాసకర్త ఒక్క ముక్కలో తేల్చేశారు. రికార్డు కూర్చునే పళ్లెం, అంటే ప్లాటర్, ఎంత బరువుంటే అంత మంచిదనీ రాశారు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద బతికినవాణ్ణి, బుష్‌లూ షాఫ్ట్‌లూ తిప్పినవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

బరువు సంగతే తీసుకోండి. బరువైన ప్లాటర్ తిరగడం మొదలుపెడితే వేగం తొందరగా చెదరదు, నిజమే. కానీ ఆ బరువంతా మోసేది అడుగున ఉన్న ఒక చిన్న స్టీలు గుండు, దాని కింది బిళ్ళ. అక్కడ పని నున్నగా లేకపోతే బరువు పెరిగేకొద్దీ గుర్రుమనే చప్పుడూ పెరుగుతుంది. అందుకే కొన్ని కంపెనీలు అయస్కాంతాలతో ప్లాటర్‌ను తేలగొడుతున్నాయి. ఇంగ్లాండ్‌లోని రెగా వాళ్లది పూర్తిగా వేరే దారి. బరువు కదలికను దాచుకుని ఆలస్యంగా వదులుతుందని వాళ్ల నమ్మకం. అందుకని బాడీని వీలైనంత తేలిగ్గా, బిర్రుగా చేస్తారు. రెండు పద్ధతుల్లోనూ మంచి మిషన్లు ఉన్నాయి. తూకం చూసి ధర కట్టడానికి ఇదేమైనా పాత ఇనుమా?

ఇక నేల సంగతి. మొత్తం వ్యాసంలో దీని గురించి ఒక్క మాట లేదు. 1961లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ టర్న్‌టేబుల్‌కు ప్లాటర్‌ను, సూదిని మోసే టోన్‌ఆర్మ్‌ను కలిపి స్ప్రింగుల మీద వేలాడదీశాడు. 1970ల మొదట్లో స్కాట్లాండ్ నుంచి వచ్చి ఇప్పటికీ తయారవుతున్న లిన్ ఎల్‌పీ12 కూడా మూడు స్ప్రింగుల మీదే ఉంటుంది. అక్కడి ఇళ్లలో చెక్క నేలలు ఎక్కువ. మనిషి నడిస్తే పలక ఊగుతుంది, సూది గంతేస్తుంది. మన ఇళ్లలో కాంక్రీటు శ్లాబు మీద మొజాయిక్కో టైల్సో ఉంటాయి. పిల్లలు పరిగెత్తినా టేబుల్ కదలదు. మనకు ఆ స్ప్రింగులు అక్కర్లేదని అనను. స్పీకర్ల అదురునూ అవి ఆపుతాయి. కానీ వాటిని సరిగ్గా సర్దడం చేయి తిరిగిన మెకానిక్ చేయాల్సిన పని. అలాంటి మనిషి మీ ఊళ్లో లేకపోతే వాటికి పెట్టిన డబ్బు దండగే.

బెల్టు చేసే మేలు నేనూ ఒప్పుకుంటాను. మోటారు వణుకు ప్లాటర్ దాకా రాకుండా రబ్బరు మధ్యలోనే మింగేస్తుంది. అయితే మా బెజవాడ ఎండలకు రబ్బరు సాగుతుంది, కొన్నాళ్లకు చేతికి జిగురు అంటుతుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో ఆ బాధ లేదు. జపాన్ మత్సుషిత వాళ్లు 1970లో టెక్నిక్స్ పేరుతో ఎస్‌పీ-10 అనే డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ తెచ్చారు. 1972లో వచ్చిన ఎస్‌ఎల్-1200 కూడా ఇంట్లో పాటలు వినేవాళ్ల కోసం చేసిందే, డీజేలు దాన్ని పట్టుకున్నది తర్వాత. మోటారు సన్నగా కుదుపులు ఇస్తుందని దానిమీద పాత ఫిర్యాదు ఒకటుంది. 2010లో ఆపేసిన ఆ మోడల్‌ను 2016లో మళ్లీ తెచ్చినప్పుడు, మోటారులో ఇనుప కోర్ తీసేసి ఆ కుదుపు రాకుండా చేశారు. మీ వ్యాసకర్త వినిపించింది 2016కు ముందు మాట.

మూడో పద్ధతిని వ్యాసం అసలు పట్టించుకోలేదు. మోటారు పుల్లీకీ ప్లాటర్ లోపలి అంచుకీ మధ్య రబ్బరు చక్రం ఒత్తుకుని తిరిగే ఐడ్లర్ డ్రైవ్. గవర్నరుపేట నుంచి ఒకాయన వాళ్ల నాన్నగారి గరార్డ్ 301 నా దగ్గరకు తెచ్చారు. ఇంగ్లాండ్‌లోని స్విండన్‌లో 1954 నుంచి తయారైన మోడల్ అది. తొలినాటిది, గ్రీజు బేరింగుది. గ్రీజు మైనంలా గట్టిపడింది. నాబ్ ఆన్‌లో ఉండగానే ప్లగ్గు పీకి అటకెక్కించారేమో, పుల్లీ ఒత్తుకున్న చోట రబ్బరు లొట్టపోయింది. చక్రం చుట్టు తిరిగినప్పుడల్లా టప్‌మని కొట్టేది. రబ్బరును టూల్‌తో కోస్తే చిరుగుతుంది. చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ సాన రాయి ఆనించాలి, నల్లటి పొడి పిండిలా రాలాలి. వేడెక్కితే ఆపాలి. అలా అంచు గుండ్రంగా వచ్చేసరికి ఒక పూట పట్టింది, టప్‌మనే చప్పుడు పోయింది. బేరింగు కడిగి కొత్త గ్రీజు పెట్టాను. ఇప్పుడా మిషన్‌తో పోటీకి పెట్టాలంటే మీ వ్యాసంలోని మోడళ్లు కొన్ని వెనకాడతాయని నా అభిప్రాయం. పాతవాడి పక్షపాతం అనుకున్నా ఫర్వాలేదు.

ఒక తప్పు మాత్రం తప్పకుండా సరిదిద్దండి. వోల్టేజ్ తగ్గితే స్పీడు తగ్గుతుందని రాశారు. నేరుగా ఏసీ మీద నడిచే సింక్రనస్ మోటారు చూసుకునేది కరెంటు ఫ్రీక్వెన్సీని, వోల్టేజ్‌ను కాదు. వోల్టేజ్ మరీ పడిపోతే మోటారు పట్టు తప్పుతుంది, అది వేరే సంగతి. అదే అమెరికా నుంచి 60 హెర్ట్జ్‌ది తెచ్చి మన 50 హెర్ట్జ్ మీద పెడితే, పుల్లీ మార్చేదాకా పాట నీరసంగానే సాగుతుంది. మన తెలుగువాళ్లు అక్కడ గరాజ్ సేల్స్‌లో కొని మోసుకొచ్చేది ఇలాంటివే కాబట్టి ఈ మాట వాళ్లకు పనికొస్తుంది.

వచ్చే ఆదివారం ధరల పట్టిక బదులు వేగం సరిచూసుకునే, 180 గీతలున్న స్ట్రోబ్ బిళ్ళ బొమ్మ అసలు సైజులో అచ్చువేయండి. పాఠకులు కత్తిరించి, నడుమ చిల్లు పెట్టి, రికార్డు మీద వేసి తిప్పుతారు. నిమిషానికి సరిగ్గా 33⅓ చుట్లు తిరుగుతుంటే గీతలు నిలబడినట్టు కనిపిస్తాయి, లేకపోతే ముందుకో వెనక్కో జారతాయి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఇది పనిచేయదు, చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ కింద చూడమని బొమ్మ పక్కనే రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైరైన టర్నర్
ఆటోనగర్, విజయవాడ