పేరు చివరి మాట

నాన్నా,

"వాడి పేరు చివర కులం పేరు వాడే పెట్టుకున్నాడు. నేను సరదాగా అదే పట్టుకుని పిలిస్తే అలా ముఖం మాడ్చుకోవడం ఏంటి?" అన్నావు, పేరు చివర మాదిగ అని పెట్టుకున్న నీ స్నేహితుడి గురించి. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలేది కాదని రాస్తున్నాను.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. అప్పటిదాకా మాదిగ అన్న పేరు చెప్పాల్సి వస్తే చదువుకుని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా ఎంతోమంది గొంతు తగ్గించుకునేవాళ్లు. ఎవరి నోట విన్నా తిట్టులాగే వినబడేది మరి. ఆ మాటనే ఉద్యమ నాయకుడు మంద కృష్ణ మాదిగ బాహాటంగా తన పేరు చివర పెట్టుకున్నారు. ఆ వెనక చాలామంది పెట్టుకున్నారు. రెడ్డి, చౌదరి, శర్మ అని రాసుకోవడానికి ఎవరూ ధైర్యం కూడగట్టుకోనక్కర్లేదు. దీనికి కావాల్సి వచ్చింది. నీ స్నేహితుడి పేరులో ఉన్నది ఆ ధైర్యమే, అందులో నీ వాటా ఏమీ లేదు.

అలాగని ఆ మాటే ఎత్తకూడదని కాదు. ఉద్యమం గురించి చెప్పేటప్పుడు నేను రాయలేదూ? వాణ్ణి నలుగురికీ పరిచయం చేస్తూ పూర్తి పేరు చెప్పు, సంతోషిస్తాడు. అసలు పేరు వదిలేసి, ముందు 'ఒరేయ్' తగిలించి, ఆ ఒక్క ముక్కతో పిలిచావు చూడు, వాళ్ల తాతల్ని పిలిచింది సరిగ్గా అలాగే. నీ మనసులో ఏముందో వాడికెలా తెలుస్తుంది? వినబడింది ఆ పిలుపే.

1989 నాటి అట్రాసిటీ చట్టం కూడా అన్నది ఎవరో చూస్తుంది. నలుగురి ముందు కులం పేరుతో ఎస్సీ, ఎస్టీలను దూషించడం నేరమనే సెక్షన్ ఆ వర్గాలకు చెందనివాళ్లకే వర్తిస్తుంది. కేసు అవుతుందని నిన్ను భయపెట్టడానికి చెప్పట్లేదు. ఎవరు అన్నారన్నదాన్ని బట్టి మాట మారుతుందంటే అన్యాయం అన్నావు కదా, అందుకు చెప్తున్నా.

ఒకవేళ వాడే "పర్లేదురా" అన్నా, ఆ అనుమతి వాడొక్కడిదే. క్లాసులో కులం బయటపెట్టకుండా నెట్టుకొస్తున్న పిల్లలు ఇంకెవరైనా ఉంటే, నీ పిలుపు విని వాళ్లేమనుకోవాలి? వాళ్లమ్మ పక్కనుంటే మాత్రం వాడు నీ చేత అలా పిలిపించుకుంటాడా?

ఈ రోజే వాడితో మాట్లాడు. "జోక్‌గా అన్నాన్రా" అని మాత్రం మొదలుపెట్టకు. తప్పయిందని చెప్పి, వాడేమన్నా విను.

అమ్మ