ఆ నాటికలో ఆఖరి సీను తీసేయండి

సంపాదకులకు నమస్కారం.

అంబేడ్కర్ జయంతికి ఒక హైస్కూలు పిల్లలు అంటరానితనం మీద వేసిన నాటిక వార్త మీ జిల్లా పేజీలో చూశాను. ఫొటో బాగుంది. కథ కూడా రాశారు. ఊరి పెద్ద టీ కొట్లో ఒకరికి విడిగా గ్లాసు పెట్టిస్తాడు, గొడవవుతుంది, కలెక్టరమ్మ వస్తుంది, పెద్దాయన తప్పు ఒప్పుకుని అదే గ్లాసులో టీ తాగుతాడు, అందరూ చప్పట్లు. పిల్లల్ని తప్పు పట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నా గొడవంతా ఆ కలెక్టరమ్మతోనే. నేను ఇరవై రెండేళ్లుగా ఒడిశాలోని గుణుపూర్ చుట్టుపక్కల బళ్లలో చదువు చెబుతున్నాను. గ్లాసు దగ్గరికి కలెక్టరు రావడం ఇంతవరకు చూడలేదు. ఆ సమయానికి అక్కడ ఉండేది టీ కొట్టువాడూ, తాగేవాడూ, పక్క బల్ల మీద పేపరు చదువుకుంటూ తల ఎత్తని మనలాంటివాళ్లూ.

అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ట్రైనింగుల్లో ఈ సెక్షన్లన్నీ మాకు తెర మీద చూపిస్తారు, మేం రాసుకుంటాం, భోజనం చేసి సంతకం పెట్టి వస్తాం. మర్నాడు మన కళ్లముందే ఎవరినైనా చిన్నచూపు చూస్తే నోరు తెరిచి మొదటి మాట ఏమనాలో ఆ తెర మీద ఉండదు. సైకిలు తొక్కడం బోర్డు మీద రాసి నేర్పినట్టుంటుంది ఇది.

రెండేళ్ల క్రితం మాకు మూడు రోజుల శిక్షణ ఒకటి వేరే రకంగా జరిగింది. నడపడానికి వచ్చింది ఇద్దరే, ఒక ఒడియా అమ్మాయి, ఒక అబ్బాయి. ప్రొజెక్టరు లేదు. మా టీచర్లతో పాటు వంట చేసేవాళ్లనీ కూర్చోబెట్టాలని పట్టుబట్టారు. దానికే కొందరు ముఖం చిట్లించారు. మొదటి ఆటలో ఇద్దరిద్దరు జట్టు. ఒకరు అరచెయ్యి చాపితే రెండోవాళ్లు తమ ముఖాన్ని ఆ చేతికి జానెడు దూరంలోనే ఉంచుతూ అది ఎటు పోతే అటు పోవాలి. మా హెడ్మాస్టారికి జోడీగా మా బడి వంటమ్మ వచ్చింది. సవర ఆవిడ, నెమ్మది మనిషి. ఆవిడ చెయ్యి కొంచెం కిందికి దించేసరికి మాస్టారు వంగారు, ఇంకొంచెం దించేసరికి మోకాళ్లు నొప్పులని లేచి బయటికి వెళ్లారు. టీ వేళకి మళ్లీ వచ్చార్లెండి.

తర్వాత మా చిన్ననాటి సంగతులు చెప్పమన్నారు. నేను పర్లాకిమిడి పిల్లని. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. రెండో తరగతిలో మా టీచరు కప్ప బొమ్మ చూపించి "బెంగొ" అన్నారు. ఒడియాలో కప్పని అలాగే అంటారు. నాకేం తెలుసు? బెంగ పెట్టుకున్నావా అని అడుగుతున్నారనుకున్నాను. "అవునండీ, అమ్మ మీద" అన్నాను తెలుగులో. క్లాసంతా నవ్వింది. టీచరు కూడా నవ్వి "తెలెంగీ" అన్నారు. ఐదో తరగతి దాకా నాకు అదే పేరు.

అందరూ కలిసి దాన్నే పది నిమిషాల నాటికగా కట్టారు. పిల్ల వేషం ఒక కుర్ర టీచరు కట్టింది. టీచరు వేషం నాకిచ్చారు. మాటలు రాసుకోలేదు, నోటికి వచ్చింది అనమన్నారు. వచ్చింది. "ఇంటి భాష ఇంటి దగ్గర వదిలేసి రా. ఇక్కడ మనుషుల భాష మాట్లాడు." అనేశాక గానీ తెలియలేదు, అవి మా టీచరు అన్న మాటలు కావు. నేను అన్నవి. కొండ మీంచి వచ్చే సవర పిల్లలతో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. తెలుగు పుస్తకాలు రావడం లేదని, తెలుగు టీచర్ల పోస్టులు నింపడం లేదని అర్జీలు పట్టుకు తిరిగే మనిషినే నేను.

నాటిక పిల్ల ఏడుస్తుండగా ఆగిపోయింది. అంతే, కథ అక్కడితో సరి. తర్వాత ఆ ఒడియా అమ్మాయి ముందుకొచ్చి ఇలా చెప్పింది: మళ్లీ మొదట్నుంచీ ఆడతాం, మీలో ఎవరికైనా ఇక్కడ ఇంకేదో చేయొచ్చు అనిపిస్తే "ఆగండి" అనండి, వచ్చి ఆ చోట్లో నిలబడి చేసి చూపించండి, చెప్పడం కాదు. ఫోరం థియేటర్ అనే ఈ పద్ధతి బ్రెజిల్ నాటక దర్శకుడు అగస్తో బోఆల్‌ది. 1973లో పెరూలో పెద్దవాళ్లకు చదువు నేర్పే పథకంలో పనిచేస్తుండగా ఆయనకొక అనుభవమైంది. భర్త చేతిలో మోసపోయిన ఆడదాని కథ ఆడుతున్నారు. చూసేవాళ్లు సలహాలిస్తుంటే నటులు అలాగే చేసి చూపిస్తున్నారు. ఒకావిడ తన సలహాని వాళ్లు ఎన్నిసార్లు చేసినా "అది కాదు" అంటూ వచ్చింది, చివరికి తనే వేదికెక్కి మొగుడి వేషం కట్టినవాణ్ని చీపురుతో నాలుగు ఉతికిందట. చూడ్డానికి వచ్చినవాళ్లనే వేదిక ఎక్కించాలని ఆయనకు అప్పుడు తట్టింది. మన పక్కన పశ్చిమ బెంగాల్లో జనసంస్కృతి అనే సంస్థ 1985 నుంచి పల్లెల్లో ఇదే చేస్తోంది.

మా హాల్లో మొదట "ఆగండి" అన్నది ఒక లెక్కల మాస్టారు. పిల్ల చోట్లో నిలబడి రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రకారం మాతృభాషలో ప్రాథమిక విద్య నా హక్కు అని దంచేశారు. అమ్మాయి హాలు వైపు తిరిగి "రెండో తరగతి పిల్ల ఇలా అంటుందా?" అంది. నవ్వులు. మాస్టారూ నవ్వేశారు. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. మూడు రోజుల్లో ఆ అమ్మాయి ఒక్క తీర్పూ ఇవ్వలేదు, అడగడమే.

తర్వాత మా వంటమ్మ లేచింది. "నేను దిదీ చోట్లో నిలబడతాను" అంది. దిదీ అంటే టీచరమ్మ. కుదరదన్నారు. మనం కోరుకున్నంత మాత్రాన రేపు బళ్లో టీచరు మారిపోదు, మారకపోతే మనమేం చేస్తామో చూడాలి, ఇంకెవరి చోటు కావాలి అని అడిగారు. ఆవిడ కాసేపు చూసి, పిల్ల పక్కన నవ్వుతూ కూర్చున్న క్లాసు పిల్ల చోట్లోకి వెళ్లి చతికిలబడింది. నేను కప్ప బొమ్మ చూపించాను. పిల్ల బెంగ అంది, నేను తిట్టడం మొదలెట్టాను. వంటమ్మ చెయ్యెత్తి, "దిదీ, మా ఇంట్లో దీనికి ఇంకో పేరుంది, చెప్పనా?" అని సవరలో చెప్పింది. పక్కవాడి వైపు తిరిగి "మీ ఇంట్లో ఏమంటారు రా?" అంది. అతను కోదుల భాష కువిలో చెప్పాడు. పిల్ల మెల్లగా "కప్ప" అంది. నేను తిట్టాలి, నా వేషం అది. ఒక్క పిల్లని తిట్టడం తేలికే, వరస మొత్తాన్ని తిట్టాలంటే మాట రాలేదు. వేషంలోనే ఉండి ఇప్పుడెలా ఉందో చెప్పమన్నారు. కోపంగా ఉందన్నాను. నిజమే చెప్పాను.

చప్పట్లు కొట్టనివ్వలేదు. "పక్కన ఈవిడ లేని రోజు ఈ పిల్ల గతేమిటి?" అని అడిగింది అమ్మాయి. ఆ ఒక్క ప్రశ్నతో మధ్యాహ్నం గడిచిపోయింది.

ఇదంతా విని వెంటనే మొదలెట్టేద్దామనుకునేవాళ్లకి మా తప్పు కూడా చెప్పాలి. ఆ ఊపులో ఇంకో బడివాళ్లతో కలిసి మేమే ఒకటి ఆడాం, నడిపే అనుభవం లేకుండా, జెండా వందనానికీ భోజనాలకీ మధ్య దొరికిన నలభై నిమిషాల్లో. నిజంగా అవమానం పడ్డ పిల్ల చేతే ఆ వేషం కట్టించాం. ఆ మాటలు అన్న పిల్లలు ఎదురుగానే కూర్చున్నారు. రెండోసారీ నవ్వారు. ఆ పిల్ల వారం రోజులు బడికి రాలేదు. ఊరి పేరు, పిల్ల పేరు మార్చాలి, కథ ఎవరిదో వాళ్లని ఆ వేషంలో పెట్టకూడదు, నవ్వు వస్తే ఆపి ఎందుకు వచ్చిందని అడగగలిగే మనిషి ఉండాలి. నాటిక రాసేవాళ్లు దొరుకుతారు, ఈ మనిషే దొరకడం కష్టం. మాకు మాత్రం కొత్తా ఇది? బుర్రకథలో వంతలు కథకుణ్ని మధ్యలో ఆపి అడ్డు ప్రశ్నలు వేయడం మన ముసలాళ్లు ఎరుగుదురు. ఇక్కడ ఆ ప్రశ్న జనం వైపు తిరుగుతుంది, అంతే తేడా.

ఆగస్టు 29న గిడుగు వారి పటానికి మేమూ దండ వేస్తాం. పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకున్న మనిషాయన. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించారు. వాడుక తెలుగు కోసం పోరాడినాయన అనే చెబుతాం గానీ ఈ సంగతి మా ఉపన్యాసాల్లో వినబడదు. నేనూ చెప్పలేదు ఇన్నాళ్లూ.

మీకో మనవి. ఇలాంటి నాటిక వార్త మళ్లీ వేస్తే, ముఖ్య అతిథి పేరు తగ్గించినా ఫర్లేదు, చూసేవాళ్లలోంచి ఎవరు ఎక్కడ లేచారో, ఏమన్నారో రెండు వాక్యాలు రాయించండి. ఎవరూ లేవకపోతే ఆ మాటే రాయండి.

వచ్చే నెల మా బళ్లో మళ్లీ ఆడుతున్నాం. ఈసారి తీరిగ్గా, ఒక రోజంతా. ఆ ఒడియా అమ్మాయి వస్తానంది. టీచరు వేషం తనకివ్వమని హెడ్మాస్టారు అడుగుతున్నారు, మోకాళ్ల సంగతి చూసుకుంటారట. వంటమ్మని అడిగి చెబుతామన్నాం.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
గుణుపూర్, రాయగడ జిల్లా, ఒడిశా