ఒత్తు లేని మధ్యాహ్నం

చీరాల
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ గుండూ,

తిట్టుకోవడం అయిపోయిందా? అయిపోతే చదువు. నీ నాలుగు వాయిస్ మెసేజ్‌లకీ జవాబివ్వక రెండు నెలలు దాటింది. తప్పు నాదే, ఒప్పుకున్నాను. లెంపలు కూడా వేసుకున్నాను, కావాలంటే మా ఆవిడని అడుగు. ఫోన్ చేసి చెప్పేద్దామనుకున్నాను గానీ నువ్వు మధ్యలో ఆ గుర్రం నవ్వు నవ్వి కథంతా పాడుచేస్తావు. అందుకే బుద్ధిగా కూర్చుని టైపు చేస్తున్నా.

ముందు మామూలు వార్తలు. అందరం బాగున్నాం. నాన్న షుగర్ అదుపులోనే ఉంది, నాన్నే అదుపులో లేరు. చిన్నది రెండో తరగతిలోకొచ్చింది. నా ఆఫీసు సంగతి అడగకు. నీ పెరుగు ప్యాకెట్ బాకీ ఇంకా అలాగే ఉంది. వార్తలు సమాప్తం.

అసలు సంగతి: అమ్మ రిటైరైంది. నీకు టీచరమ్మ, నాకు అమ్మ. 62 నిండాయి. ఫంక్షన్ లేదు, ఏమీ లేదు, మీరెవరూ హడావిడి చెయ్యొద్దు అని మూడు నెలల ముందే ఆర్డర్ వేసింది. పాత పిల్లలు వింటేగా! స్కూలు ఆవరణలోనే షామియానా, భోజనాలు, అన్నీ వాళ్ళే మాట్లాడేసుకున్నారు. నా వంతుకి ఒక్కటే పని పడింది. "నువ్వు కంప్యూటర్ల దగ్గరే ఉంటావుగా, ఒక వీడియో చేసుకురా" అన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అంటే వీడియో మిక్సింగ్ కూడా వచ్చేస్తుందని మనవాళ్ళ నమ్మకం.

సరే, నా దగ్గరున్న సరుకు ఏమిటంటే ఓ అరవై ఫోటోలు, ఒక వీహెచ్‌ఎస్ క్యాసెట్టు. ఆ క్యాసెట్టు నీకు గుర్తుండాలి. స్కూలు వార్షికోత్సవం, గులాబీ పువ్వు విచ్చుకుంటే లోపల్నుంచి హెడ్మాస్టారు తిరుగుతూ బయటికొస్తారు చూడు, అదే. నువ్వు పసుపు లుంగీలో రైతు వేషం వేశావు. అది మాత్రం కట్ చెయ్యలేదు, హామీ.

ఇది మొదలుపెట్టగానే నాకు మన 2006 పిచ్చి పట్టుకుంది. కాలేజీ ఫేర్‌వెల్ వీడియో! విండోస్ మూవీ మేకర్‌లో టైటిల్ ఎఫెక్టుల పట్టీలో ఒకటి దొరికింది కదా, అక్షరాలు కింద మొదలై వెనక్కి వాలిపోయి, చిన్నవైపోతూ దూరంగా వెళ్ళిపోయేది. స్టార్ వార్స్ సినిమా మొదట్లోలాగా అని నువ్వు ఎగిరి గంతేశావు. ఒక్క క్లిక్కుతో అయిపోయింది. తెలుగు టైపు చెయ్యడం రాక అందరి పేర్లూ ఇంగ్లీషులో వేశాం. అమ్మ చూసి, "మీ పేర్లు మీకు తెలుగులో రాయడం రాదట్రా?" అని ఒక్క మాటంది. ఆ మాట నాకు ఇన్నేళ్ళూ గుచ్చుకునే ఉంది. ఈసారి అదే ఎఫెక్టు, పూర్తిగా తెలుగులో, అమ్మ కథతో చెయ్యాలని పట్టుపట్టాను. ఆ మూవీ మేకర్‌ని మైక్రోసాఫ్ట్‌వాళ్ళు 2017 జనవరిలోనే ఎత్తేశారు. కాబట్టి వేరే సాఫ్ట్‌వేర్ పట్టుకున్నా. పేరెందుకులే, ఊరికే వచ్చినదాన్ని తిట్టకూడదు.

మొదటి రాత్రే చుక్కలు చూపించింది. టెక్స్ట్ పెట్టెలో "ఉపాధ్యాయురాలు" అని పేస్ట్ చేస్తే తెర మీద "ఉపాధ్‌ యాయురాలు" అని నిలబడింది. "ప్రాథమికోన్నత" సంగతైతే చెప్పనే వద్దు, వత్తులన్నీ ఊడిపోయి, పొల్లులు నెత్తిన పెట్టుకుని వరసలో నిల్చున్నాయి, ప్రేయర్‌కి లేటుగా వచ్చిన పిల్లల్లా. మన లిపిలో ధకారం, యకారం కలిసి ఒక్క అక్షరం కావాలి కదా. కలిపే పని సాఫ్ట్‌వేర్ చెయ్యాలి. దీనికి ఆ చదువు లేదు, ఇచ్చినవి ఇచ్చినట్టు పక్కపక్కన పేర్చేస్తుంది. ఇంగ్లీషుకి అది చాలు. మనకి చాలదు.

గడియార స్తంభం దగ్గర ఫ్లెక్సీలు కొట్టే కుర్రాడిని అడిగాను. "'అను' అనే పాత తెలుగు ఫాంట్‌లో కొట్టిస్తానన్నా, అందులో వత్తు కూడా విడిగా ఒక అక్షరమే, ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటుంది" అన్నాడు. ఆలోచిస్తే నిజమే, కలపాల్సిన పనే లేకపోతే కలపడం రాని సాఫ్ట్‌వేర్‌తో పేచీ ఏముంది? కానీ ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్ళీ వాడి దగ్గరికి పరిగెత్తాలి. చివరికి దొడ్డిదారి పట్టాను. ఇంక్‌స్కేప్ అని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో తెలుగు చక్కగా కూర్చుంటుంది. మొత్తం కథని అందులో ఒక పొడుగాటి బొమ్మగా, వెనకాల ఏమీ లేకుండా, పీఎన్‌జీ చేసుకుని దాన్ని ఎడిటింగ్‌లోకి తెచ్చుకున్నా. ఇక అది అక్షరం కాదు, బొమ్మ. వత్తు ఊడే ప్రసక్తే లేదు. పైన అమ్మ పేరుకి రామభద్ర ఫాంటు, కింద కథకి మండలి.

అయిపోయిందనుకున్నావా? ఆ ఎఫెక్టుకి రెండు అంచులూ సమంగా ఉండాలి. ఇంగ్లీషులో చిన్నచిన్న మాటలు కాబట్టి సర్దుకుపోతాయి. మనకి "ప్రధానోపాధ్యాయురాలిగా" అనే ఒక్క మాటే సగం లైను తినేస్తుంది. మిగతా రెండు మాటల మధ్య లారీ పట్టేంత ఖాళీ. దాంతో అమ్మ జీవిత చరిత్రని లైనుకి సరిపడేలా తిరగరాయాల్సి వచ్చింది. పైగా పై లైను వత్తులు కిందికి వేలాడి, కింది లైను గుడుల్ని గుద్దుకుంటున్నాయి. అక్షరాలున్న బొమ్మని వెనక్కి వాల్చగానే అక్షరాలు ఎత్తు తగ్గి అణిగిపోతాయి, అప్పుడు ఇంకా ఘోరం. లైన్ల మధ్య ఎడం పెంచి, వాల్చకముందే అక్షరాల్ని నిలువుగా కాస్త సాగదీస్తే గానీ చదవడానికి రాలేదు.

ఇక వాల్చడంలో మూడు రాత్రులు పోయాయి. నేను చేసిన తెలివితక్కువ పని విను. ముందు బొమ్మని వాల్చేసి, తర్వాత పైకి జరిపాను. చూస్తే, ఎవరో నిచ్చెనెక్కి ఫ్లెక్సీ పైకి లాగుతున్నట్టుంది! దూరంగా వెళ్ళడమే లేదు. రాత్రి రెండింటికి వెలిగింది. ముందు నేల మీద జరగాలి, తర్వాత నేలే వాలాలి. నిటారుగా పాకే వీడియోని విడిగా చేసుకుని, ఆ వీడియోని తెచ్చి వాలిస్తే అప్పుడు వెళ్ళిందిరా అక్షరం, రైలు పట్టాల మీద పోయినట్టు. 1977లో స్టార్ వార్స్‌వాళ్ళకి ఈ కంప్యూటర్ బాధే లేదు. సుమారు 2 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవున్న పట్టీ మీద అక్షరాలు వేయించి, దాని మీదుగా కెమెరాని మెల్లగా జరిపారు. అసలా వాలు అక్షరాలు 1940 నాటి ఫ్లాష్ గోర్డన్ అనే సినిమా సీరియల్‌లోనే ఉన్నాయి. నేను మౌస్ పట్టుకుని ఏడుస్తుంటే మా ఆవిడ, "హాల్లో చాప పరిచి, దాని మీద రాసి, ఫోన్‌తో తీసెయ్యొచ్చుగా" అంది. ఆ ముక్క మొదటి రాత్రే చెప్పొచ్చుగా!

నక్షత్రాల గొడవ ఇంకోటి. నల్లటి ఆకాశంలో చుక్కలు ఒక్కొక్కటీ పెట్టుకుంటూ కూర్చుంటే మా చిన్నది వచ్చి తెర తుడిచింది, దుమ్మనుకుని. శాంపిల్‌గా పిన్నికి వాట్సాప్‌లో పంపితే చుక్కల్లేవు, నలుపంతా గళ్ళుగళ్ళు. వాట్సాప్ సైజు తగ్గించడానికి అలాంటి సన్నటివన్నీ మింగేస్తుంది. అందుకే నీకు వాట్సాప్‌లో పంపట్లేదు, లింకు ఇస్తాను, పెద్ద తెర మీద చూడు.

చివర్లో నిటారుగా పైకి పాకే పాత పిల్లల పేర్ల పట్టిక. బొమ్మ 6000 పిక్సెళ్ళ పొడవు, తెర ఎత్తు 1080, పూర్తిగా దాటిపోవాలంటే రెండూ కలిపి 7080 జరగాలి. సరిగ్గా నిమిషంలో పోవాలని పెట్టాను, పేర్లన్నీ వణుకుతున్నాయి. ఫ్రేముకి, అంటే వీడియోలో ఒక్కో బొమ్మకి, దాదాపు నాలుగూ ముప్పావు పిక్సెళ్ళు చొప్పున జరుగుతుంటే వణకవా మరి? పిక్సెల్‌ని ముక్కలు చెయ్యలేం కదా. ఫ్రేముకి సరిగ్గా 4 అనుకుని లెక్కేస్తే, సెకనుకి 25 ఫ్రేముల మీద 70 సెకన్ల 20 ఫ్రేములు వచ్చింది. అలా పెట్టాక వెన్నలా పాకింది. నాలుగో తరగతి భాగహారం ఇన్నాళ్ళకి పనికొచ్చింది, టీచరమ్మ పుణ్యమా అని.

ఇప్పుడు ఫంక్షన్. నేను చెప్పాలనుకున్నది అసలు ఇదే, ఇప్పటికే ఇంత అయిపోయింది.

చీకటి పడ్డాక ప్రొజెక్టర్ పెట్టారు. తెర లేదు. మూడో తరగతి గది బయటి గోడకి కొత్తగా సున్నం వేశారు, దాని మీదే. ముందు వరసలో నేల మీద ఇప్పటి పిల్లలు, వెనక కుర్చీల్లో పాత పిల్లలు. అమ్మ మధ్యలో దండతో ఇబ్బందిపడుతూ కూర్చుంది. నాదస్వరం మొదలైంది (ట్రంపెట్లు వద్దనుకున్నా), గోడ మీద అడుగున పసుపు అక్షరాలు లేచాయి: "1986లో ఒకే గది, ఒకే టీచరు..."

ఒరేయ్, పిల్లలు చదవడం మొదలెట్టారు! ఎవరూ చెప్పలేదు. గోడ మీద అక్షరాలు కనిపించాయి, ఎదురుగా టీచరుంది, ఇంకేం చేస్తారు? గొంతులు కలిపి, రాగం తీస్తూ, "ఒకే గదీ... ఒకే టీచరూ..." అని. రెండో లైనుకి వెనక వరసలు అందుకున్నాయి. ఆటో నడిపేవాడు, ఆసుపత్రిలో నర్సమ్మ, మన బొంగరం కూడా, వాడిప్పుడు ఖాకీ బట్టల్లో ఉన్నాడులే. అందరూ అదే రాగం. నేను ఎవరికీ లైను తప్పిపోకూడదని నెమ్మదిగా పెట్టాను, లైనుకి నాలుగు సెకన్లు. అది సరిగ్గా క్లాసులో పాఠం అప్పజెప్పే వేగమైంది. నేను అనుకుని చేసింది కాదు. నాకు ఒళ్ళు ఝల్లుమంది.

అలా వస్తూ వస్తూ 2003 దగ్గరికొచ్చాం. ఆ ఏడాదే కదా మన బళ్ళలో వండి పెట్టడం మొదలైంది. పిల్లలు హాయిగా చదివేశారు. అమ్మ లేచి నిలబడింది.

"ఆపు."

అందరూ ఠక్కున ఆగిపోయారు. నేనూ వీడియో ఆపేశాను. వంద మంది ఉంటారు, ఒక్క దగ్గు లేదు.

"ఎవడ్రా రాసింది?"

చెయ్యెత్తాను. నలభై ఏళ్ళవాడినిరా, చెయ్యెత్తాను!

"మద్యాహ్న భోజనమా? ధకి ఒత్తేదిరా? పిల్లలకి నేను మద్యం పోసి అన్నం పెట్టానా?"

ఇక చూడు. షామియానా కూలలేదంతే. వత్తులన్నీ ఊడిపోతుంటే ఐదు రాత్రులు కాపలా కాశాను, ఆ ఒక్క ఒత్తునీ నా వేళ్ళే మింగేశాయి. సాఫ్ట్‌వేర్ మీదికి తోసేద్దామంటే ఈ ఒక్కదాంట్లో దాని తప్పు లేదు.

అమ్మ దండ తీసి కుర్చీలో పెట్టింది. హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి గోడ దగ్గరికి నడిచింది. ప్రొజెక్టర్‌కి అడ్డం వెళ్ళింది కదా, పసుపు అక్షరాలన్నీ ఆవిడ చీర మీదికొచ్చాయి. వీపు మీద "బడికి రాని పిల్లల కోసం" అని కనిపించింది, ముడి దగ్గర ఒక సున్నా. పక్కకి జరిగి, గోడ మీద ద కింద చిన్న ఎర్ర గీత గీసింది. "ఊఁ, ఇప్పుడు పోనీ" అంది.

పోనిచ్చాను. మద్యాహ్నం ముందుకి వెళ్ళిపోయింది, గీత మాత్రం గోడ మీద ఉండిపోయింది. దాంతో ఆ తర్వాత వచ్చిన ప్రతి లైనుకీ అక్కడ ఒక ఒత్తు! దాని మీదికి ప వస్తే ఫ, డ వస్తే ఢ, చ వస్తే ఛ. పిల్లలు దొంగవెధవలు, పాఠశాలని "ఫాఠశాల" అని గట్టిగా ఒత్తి చదువుతున్నారు. అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ అలా నవ్వడం నేను ఎప్పుడు చూశానో కూడా గుర్తులేదు.

పేర్ల పట్టికలో నీ పేరు వచ్చినప్పుడు వెనకనుంచి ఎవరో "పసుపు లుంగీ!" అని అరిచారు. నేను కాదు. ఒట్టు. అమ్మ మాత్రం పక్కనున్నావిడతో, "వీడు ఇప్పటికీ ణ రాయాల్సిన చోట న రాస్తాడు" అంది. కాబట్టి ఈ ఉత్తరానికి జవాబు జాగ్రత్తగా రాయి, ఆవిడ చూస్తుంది.

అందరూ వెళ్ళిపోయాక అమ్మ పట్టిక మళ్ళీ వెయ్యమంది. ఏదో ముచ్చట అనుకున్నాను. చివరిదాకా చూసి, "ఆ చింతచెట్టు పిల్ల పేరు లేదేంట్రా?" అంది. మూడో తరగతి మధ్యలో బడి మానేసిన పిల్ల. మనతోనే చదివింది, నీ పక్క బెంచీ. నేను రిజిస్టర్లో ఐదో తరగతి పూర్తి చేసినవాళ్ళ పేర్లే తీసుకున్నాను. ఆ మాట చెప్తే అమ్మ ఏమీ అనలేదు, లోపలికెళ్ళి పడుకుంది. నీకేమైనా తెలుసా ఆ పిల్ల సంగతి? వాళ్ళు వేటపాలెం వైపు వెళ్ళారని ఎవరో... సరే, అది ఇంకోసారి మాట్లాడుకుందాం. పేరు చేరిస్తే బొమ్మ పొడవు మారుతుంది, లెక్క మళ్ళీ వెయ్యాలి. వేస్తాను.

పొద్దున్న స్కూలుకెళ్ళి చూశాను, గీత అలాగే ఉంది. మళ్ళీ సున్నం వేస్తామంటే పిల్లలు ఒప్పుకోలేదట. ఇంకా నీకు చెప్పాల్సింది, ఆ ఫ్లెక్సీ కుర్రాడు ఎవరి కొడుకనుకున్నావు, మన కిరసనాయిలు... అబ్బా, నాన్న కేకలేస్తున్నారు, ఆటో వచ్చేసిందట, రైలు అందుకోవాలి, లింకు రైల్లోంచి పంపిస్తా

నీ
బక్కోడు